ఒక్క నక్షత్రం మేస్త్రి

నేను లెక్కల టీచర్ని. ఏలూరులో ఒక పాత మిషను స్కూల్లో పాతికేళ్ళ పైన పిల్లలకు సగటు కట్టడం నేర్పాను. ఒకరు వేసిన మార్కు తప్పయితే కావచ్చు గాని, పదిమంది విడివిడిగా వేస్తే వాటి సగటు అబద్ధం చెప్పదని నా గట్టి నమ్మకం. రెండువేల ఏడు వేసవిలో ఇల్లు కట్టించడానికి మేస్త్రిని వెతకబోయినప్పుడు ఆ నమ్మకమే నన్ను ఊళ్ళు పట్టుకుని తిప్పింది.

ఇల్లు అమ్మ కోసం. నాన్న మిషను బడుల్లో పంతులు. ఎక్కడికి వేస్తే అక్కడికి పోయి, వాళ్ళు ఇల్లిస్తే అందులో, లేకపోతే అద్దెకు కాపురం. అమ్మ లెక్క ప్రకారం పదకొండు ఇళ్ళు. పదకొండు ఇళ్ళవాళ్ళూ తాళంచెవి చేతికిస్తూ చెప్పిన మొదటి మాట ఒక్కటే: "గోడలకి మేకులు కొట్టకండేం." అమ్మ దగ్గర వాళ్ళ నాన్న పెళ్ళికిచ్చిన గోడ గడియారం ఉంది, లోలకం ఊగే రకం. అది గోడకు నిటారుగా వేలాడితేనే నడుస్తుంది. బీరువా మీద ఆనించి పెడితే మొరాయిస్తుంది. పదకొండు ఇళ్ళలోనూ అది బీరువా మీదే కూర్చుంది. అమ్మ రోజూ దాని దుమ్ము తుడిచి, "ఉండవే, నీకూ ఓ గోడొస్తుంది" అని చెబుతూ ఉండేది.

నాన్న పోయాక వచ్చిన డబ్బుతో ఊరి చివర, కైకలూరు రోడ్డు వైపు చిన్న స్థలం కొన్నాం. అది ఏళ్ళ తరబడి తుమ్మమొక్కలు పెంచుకుంటూ పడి ఉంది. ఆ ఏడు అమ్మకి డెబ్భై ఎనిమిది నిండాయి, ఆయాసం మొదలైంది. డాక్టరుగారు చూసి గుండె కాస్త పెద్దదైందన్నారు. "ఈ వయసులో ఎదగడం దానికొక్కదానికే చేతనైందండీ" అంది అమ్మ. ఆయన నవ్వారు. నన్ను పక్కకి పిలిచినప్పుడు మాత్రం నవ్వలేదు. స్థలం సంగతి అమ్మ అప్పటికే ఆయన చెవిన వేసేసింది. "కట్టాలనుకుంటే ఆలస్యం చెయ్యకండమ్మా" అన్నారు. నేను పెళ్ళి చేసుకోలేదు, దాని కథ వేరే. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. రిక్షాలో తిరిగి వస్తూ గట్టిగా అనుకున్నాను, ఈవిడ కళ్ళముందు ఆ గడియారాన్ని సొంత గోడకి తగిలించాలని.

పవర్‌పేటలో నెట్ సెంటర్ నడిపే పెద్దమనిషి ఒకప్పుడు నా క్లాసులో లెక్కలు తప్పినవాడే. "టీచర్ గారూ, ఇప్పుడు మేస్త్రీలకి కూడా మార్కులేస్తున్నారండీ" అంటూ ఒక వెబ్‌సైటు తెరిచి చూపించాడు. జిల్లాలో మేస్త్రీల పేర్లు, ప్లంబర్ల పేర్లు, కరెంటు పనివాళ్ళ పేర్లు. పక్కన ఇల్లు కట్టించుకున్నవాళ్ళు ఇచ్చిన నక్షత్రాలు, ఐదుకి ఇన్నని. కింద ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. నాకు ప్రాణం లేచొచ్చింది. సెలవులే కనక రోజూ వెళ్ళి కూర్చుని, నోట్‌బుక్కులో గళ్ళు గీసి, మార్కులన్నీ ఎక్కించి సగటు కట్టాను. పేపర్లు దిద్దడం కంటే సరదాగా ఉంది.

క్లాస్ ఫస్టు ఏలూరు కాంట్రాక్టరొకాయనకి వచ్చింది. పద్నాలుగు మంది రాశారు, పద్నాలుగూ ఐదు నక్షత్రాలే. "చాలా మర్యాదస్తులు." "అన్న మాట తప్పరు." "నాలుగు నెలల్లో తాళంచెవి చేతిలో పెట్టారు." అందరికన్నా అడుగున ఉన్నవాడు మెట్ట ప్రాంతపు మేస్త్రి. ఆయన గురించి రాసింది ఒకే ఒక్కరు, ఇచ్చింది ఒకే ఒక్క నక్షత్రం.

నోట్‌బుక్కు తెచ్చి అమ్మకి చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివింది.

"పద్నాలుగు మందీ మెచ్చుకున్నారా?"

"ఆఁ, అందరూనూ."

"యేసయ్య దగ్గరున్న పన్నెండు మందిలోనే ఒకడు తేడా వచ్చాడే. ఈయనకి పద్నాలుగు మందీ కుదిరారా!"

నాకు ఒళ్ళు మండింది. లెక్కల్లో బైబిలు తేవద్దన్నాను. మర్నాడే ఆ కాంట్రాక్టరుగారిని పిలిపించాను. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, నోట్లో వెన్న. టీ తాగి, స్థలం పటం చూసి, "అమ్మగారూ, ఈ క్రిస్మస్ కేకు కొత్తింట్లోనే కోద్దామండీ" అన్నాడు. ఆ మాటకి నేను సగం పడిపోయాను. ఆయన వెళ్ళాక అమ్మ కప్పు తీస్తూ, "గోళ్ళు భలే శుభ్రంగా ఉన్నాయే" అని మాత్రం అంది.

అమ్మ నోరు మూయించడానికే గుండుగొలను వెళ్ళాను. పద్నాలుగు మందిలో ఒకాయన తన ఊరి పేరు కూడా రాశాడు. బస్సు దిగి, కొత్త మేడ ఎక్కడండీ అంటే ఎవరైనా చూపించేస్తారు. వరిచేలున్న కుటుంబం. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పగానే మొగుడూ పెళ్ళాం లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. కాఫీ వచ్చింది, జంతికలు వచ్చాయి. ఇల్లు చూడ్డానికి ముచ్చటగా ఉంది. కాకపోతే గోడల నిండా క్యాలెండర్లు.

అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. హాల్లో ఏడు. ఎరువుల కొట్టువి, నగల కొట్టువి, కిరాణావి. రెండు నిరుడువి. ఒకటి కిటికీ మూలకి, పక్కకి ఒరిగి ఉంది. ఇంకొకటి మోకాలెత్తులో ఉంది, తేదీ చూడాలంటే కింద చతికిలబడాలి. ఫ్యాను వేసేసరికి ఆ కిటికీ దగ్గరిది పైకి లేచింది. దాని వెనక గోడ కిటికీ మూల నుంచి స్లాబ్ దాకా చీలి ఉంది. రూపాయి బిళ్ళ దూరేంత చీలిక.

ఆయన గబగబా లేచి క్యాలెండరు సర్దాడు. "అబ్బే, చిన్నదేనండీ. మొదటి వానకి కాస్త కదిలిందంతే."

"మరి ఐదు నక్షత్రాలిచ్చారేంటండీ?"

ఆయన తల దించుకున్నాడు. భార్య అందుకుంది. "గృహప్రవేశం అయిన మూడోనాడు రాశారండీ మా వారు. ఆయన ఇంటిల్లిపాదితో వచ్చి భోంచేశారు. పీటల మీద కూర్చోబెట్టి బట్టలు పెట్టాం. బట్టలు పెట్టిన చేత్తోనే చెడ్డ రాస్తామా అండీ?"

"వాన పడ్డాక మార్చి రాయొచ్చు కదండీ?"

"అయ్యబాబోయ్! ఆయన చూస్తే ఏమనుకుంటారండీ? రేపు బజార్లో ఎదురైతే ఎలా పలకరిస్తామండీ?" అన్నాడాయన. గుమ్మం దాకా వచ్చి, తమ పేరు చెప్పొద్దని మరీ మరీ బతిమాలాడు. చెప్పనన్నాను, ఇప్పటికీ చెప్పలేదు. మా వైపు మర్యాద అలాంటిది. ఇల్లు పడిపోతున్నా ఇల్లు కట్టినాయన మనసు నొప్పించం.

ఏలూరు వచ్చి తిన్నగా నెట్ సెంటర్‌కే పోయాను. పద్నాలుగు అభిప్రాయాలూ మళ్ళీ చదివాను, ఈసారి తేదీలతో సహా. "నిన్ననే గృహప్రవేశం." "ఈ ఆదివారం పాలు పొంగించాం." "భోజనాలు బ్రహ్మాండం." అందరూ వారం తిరక్కుండా రాసినవాళ్ళే. ఒక వానాకాలం గడిచాక రాసినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు. పరీక్ష జరగకముందే వేసిన మార్కులకి నేను వారం రోజులు కూర్చుని సగటు కట్టాను. పిల్లలెవరైనా ఆ పని చేసి ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని.

నోట్‌బుక్కు తిరగేసి అడుగునున్న పేరు చూశాను. ఆ ఒక్క నక్షత్రం ఇచ్చినాయన రాసింది రెండు వాక్యాలు. "ఈయన్ని నమ్మి మోసపోయాము. సగం పనిలో ఏడు నెలలు ఆపేసి, అనుకున్న సమయానికి ఇల్లు ఇవ్వలేదు." కింద తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్లో కొట్టని, ఇల్లు ఏ నెలలో అయిందో కూడా రాశాడు. రాసిన తేదీ చూస్తే ఇల్లయిన ఏడాదికి. కోపం ఏడాది నిలవ ఉందంటే ఏదో ఉండి ఉంటుందని, మర్నాడు పాసింజరు బండెక్కాను.

మార్కెట్లో అడిగితే కొట్టు చూపించారు. పొడుగాటి మనిషి, బస్తాల మధ్య కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పగానే మొహం గంటు పెట్టుకున్నాడు గాని, "రండి, చూద్దురుగాని" అని ఇంటికి తీసుకెళ్ళాడు. నేను ముందు క్యాలెండర్లు వెతికాను. ఒక్కటే ఉంది, సరైన ఎత్తులో, ఆ ఏడాదిదే. సిగ్గు విడిచి దాన్ని కూడా ఎత్తి చూశాను. గోడల మూలలు, కిటికీల మూలలు చేత్తో తడిమి చూశాను. రెండు వానాకాలాలు చూసిన ఇల్లు. వెంట్రుకంత గీత లేదు.

"ఇల్లు ఇంత బాగుంటే ఒక్క నక్షత్రం ఏంటండీ?" అన్నాను, కాస్త దబాయింపుగానే.

ఆయన వెనక గది తలుపు తీశాడు. ఇంటి మొత్తానికి గడప లేని గది అదొక్కటే.

"మా అమ్మకండీ. కాలు లేచేది కాదని గడప వద్దన్నాను" అన్నాడు. "పునాది తీసి ఇసుక పోసి, వానాకాలం అయ్యేదాకా గోడ లేపనన్నాడండీ మేస్త్రి. ఎంత చెప్పినా వినలేదు. మా అమ్మ రోజూ అడిగేది, ఇల్లెంతవరకూ వచ్చింది నాయనా అని. పునాదిలోనే ఉందమ్మా అనేవాణ్ణి. మాఘమాసంలో గోడలు లేస్తుండగా పోయింది."

వచ్చేటప్పుడు ఆయన, "మీరు పెట్టుకుంటే పెట్టుకోండి. నేను రాసింది మాత్రం తియ్యనండీ" అన్నాడు.

తిరుగు బండిలో నాకు నిజంగా భయం వేసింది. నాలుగు నెలల్లో అయ్యే ఇల్లు చీలుతుంది. చీలని ఇల్లు ఏడాది పడుతుంది. డాక్టరుగారి మాట చెవుల్లో ఉంది. ఈ లెక్కకి సగటు కట్టడం కుదరదు.

అమ్మకేమీ చెప్పకూడదనుకున్నాను. అన్నం తినేటప్పుడు ఆవిడే, "ఏం జరిగిందే? మొహం అలా పెట్టావు?" అంది. దాచడం నాకు చేతకాదు, మొత్తం చెప్పేశాను.

"ఆవిడకెన్నేళ్ళట?" అంది అమ్మ.

"డెబ్భై ఆరు."

"నాకన్నా చిన్నది" అంది. తర్వాత కంచం పక్కకి జరిపి, "ఆ క్యాలెండర్ల ఇంట్లో మేకు కొడితే ఏమవుద్ది?" అని అడిగింది.

"పెచ్చు ఊడుద్ది."

"మరింకేం? యాభై ఏళ్ళు ఆగింది పెచ్చులూడే గోడ కోసమా? ఆ ఒక్క నక్షత్రం మేస్త్రినే పిలువు."

మేస్త్రిది కామవరపుకోట దగ్గర. సన్నగా, ఎండకి కమిలిపోయి, మాట అడిగితే గాని మాట్లాడని మనిషి. స్థలంలో నేల బీటలు తీసి ఉంది. ఒక బీటలోకి గునపం దించి, అది ఎంత లోతుకి పోయిందో మాకు చూపించాడు.

"మాది మెట్టండీ, ఎర్రనేల. దాని మీద కళ్ళు మూసుకుని కట్టేయొచ్చు. ఇది కొల్లేరు పక్క నల్లమట్టండీ. వానకి ఉబ్బుద్ది, ఎండకి ముడుచుకుపోద్ది. లోతుగా తీసేసి, ఇసుక నింపి, ఒక వానాకాలం వదిలెయ్యాలండీ. అది ఎంత దిగాలో అంత దిగాకే గోడ లేపుతాను."

అమ్మ సంగతి, డాక్టరు సంగతి చెప్పాను. ఆయన గునపం వైపే చూస్తూ నిలబడ్డాడు. "తాడేపల్లిగూడెంలో ఒక మాట పడ్డానండీ. అది నాకు గుర్తే. అయినా నాకు ఇంకోలా కట్టడం రాదండీ" అన్నాడు. తొందరైతే వేరేవాళ్ళని చూసుకోమని కూడా చెప్పాడు. అమ్మ రిక్షాలోంచే, "మొదలెట్టండి మేస్త్రీ" అని కేకేసింది.

తొలకరికి ముందే పునాది అయింది, ఇసుక నిండింది. వానలు మొదలయ్యాయి, పని ఆగింది. రోజుకి పదిసార్లు అమ్మ ఊపిరి ఎలా ఉందో చూడ్డమే నా పని. నాకు ఆ ఇసుక మీద, వాన మీద, మేస్త్రి మీద కోపంగా ఉండేది.

జులైలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గుడి నుంచి వస్తూ అమ్మ రిక్షావాడితో, "ఇంటికి కాదు, కైకలూరు రోడ్డుకి పోనీ" అంది. కాళ్ళ దగ్గర చూస్తే మడత కుర్చీ, కిరసనాయిలు స్టవ్వు, సంచిలో టీ సామాను. పొద్దున్నే సర్దిపెట్టిందన్నమాట. పాస్టరుగారికి కూడా కబురు పెట్టేసింది. సన్నగా జల్లు పడుతోంది. తడిసిన ఇసుకలో కుర్చీ వేయించుకుని కూర్చుని, "వంటిల్లు ఎక్కడొస్తుందే?" అంది. చూపించాను. కుర్చీ అక్కడికి జరిపించుకుంది. నేనూ రిక్షావాడూ గొడుగులు పట్టుకుని నిలబడితే పాస్టరుగారు ప్రార్థన చేశారు.

"పైకప్పు లేదు. సూటిగా పోతుంది" అంది అమ్మ.

గొడుగు కింద స్టవ్వు వెలిగించి టీ పెట్టించింది. అప్పుడే మేస్త్రి ఇసుక ఎంత దిగిందో చూసుకోవడానికి సైకిలు మీద వచ్చాడు. మమ్మల్ని చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "అమ్మగారండీ, ఇల్లింకా అవ్వలేదండీ!"

"మీకవ్వలేదు మేస్త్రీ, నాకైపోయింది. ఇది నా వంటిల్లు. మొదటి టీ మీకే, తాగండి."

ఆయన చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడు. లోపలంటే ఏముంది, ఇసుకే. అయినా విప్పాడు.

ఆ తర్వాత వాన ఉన్నా లేకపోయినా ఆదివారం టీ అక్కడే. అమ్మ హాల్లో కూర్చునేది, పడగ్గదిలో కాసేపు కునుకు తీసేది, గడియారం ఏ గోడకో వేలు పెట్టి గాల్లోకి చూపించేది. దసరా నాటికి ఇసుక బెత్తెడు దిగింది. మేస్త్రి పుల్ల మీద గుర్తు పెట్టి చూపించి, "అప్పుడే కట్టేసుంటే ఈ బెత్తెడూ గోడలతో పాటు దిగేదండీ" అన్నాడు. నవంబర్‌లో అమ్మని రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది. ఆ రెండు రోజులూ నేను దేవుణ్ణి అడిగింది బతికించమని. అమ్మ అడిగింది ఆదివారానికి ఇంటికి పంపించమని. ఇద్దరి మాటా విన్నాడు.

గోడలు లేచాయి, స్లాబ్ పడింది. మళ్ళీ మే నెలకి ఇల్లయింది. గృహప్రవేశం నాడు అమ్మ నడిచే లోపలికి వచ్చింది. మేస్త్రిని కూర్చోబెట్టి బట్టలు పెట్టాం. "నక్షత్రాలు మాత్రం వాన పడ్డాకేనండోయ్" అన్నాను. "ఆయ్, అలాగేనండి" అన్నాడు, చాలా సహజంగా.

తాడేపల్లిగూడెం ఆయనకి నేనే ఫోన్ చేసి చెప్పాను. వస్తాడనుకోలేదు. పంక్తులన్నీ లేచాక, భుజాన చిన్న ఉల్లిపాయల సంచితో వచ్చాడు. కొత్త బట్టల్లో మేస్త్రి, సంచితో ఆయన, ఇద్దరూ నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. అమ్మ తాపీగా గడియారం, సుత్తి, డబ్బాలో మేకులు తెచ్చింది.

"మీరు పొడుగ్గా ఉన్నారు బాబూ. ఈ మేకు కాస్త కొట్టిపెట్టండి."

మొదటి మేకు వంగిపోయింది. రెండోది కూడా వంగింది. గోడకి గీత పడలేదు. మేస్త్రి జేబులోంచి గట్టి మేకు తీసి అందించాడు. ఆయన దాన్ని తీసుకుని కొట్టాడు. గడియారం వేలాడదీశాక అమ్మ లోలకాన్ని వేలితో తోసింది. అది ఊగడం మొదలుపెట్టింది. అమ్మ ఏడుస్తుందనుకున్నాను; "శబ్దం ఇంతెక్కువని మర్చేపోయాను" అంది. ఏడ్చింది నేను.

తాడేపల్లిగూడెం ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు, మాటల్లో మాటగా ఆదివారం టీల సంగతి చెప్పాను. నవ్వుతారని చెప్పాను. ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

"పునాదిలోనా అండీ?"

"అవునండీ. కుర్చీ వేసుకుని."

చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు. "మాకా ఆలోచన రాలేదండీ" అన్నాడు. "కుర్చీ ఉంది. రిక్షా ఉంది. ఆవిడ రోజూ అడుగుతూనే ఉంది."

అమ్మ ఆయన విస్తట్లో ఇంకాస్త పప్పు వేసింది. మేస్త్రి లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఆ వానాకాలం అంతా గోడలు చూసుకుంటూ గడిపాను. ఒక్క గీత రాలేదు. ముసుర్లు అయ్యాక అన్నమాట ప్రకారం నెట్ సెంటర్‌కి వెళ్ళి ఐదు నక్షత్రాలు నొక్కాను. తాడేపల్లిగూడెం ఆయన ఇచ్చిన ఒకటీ అలాగే ఉంది. ఐదు, ఒకటి: సగటు మూడు. మూడు నక్షత్రాల మేస్త్రిని ఎవరు పిలుస్తారు? ఆయన చేత తీయిద్దామని ఫోన్ తీశాను. నంబరు సగం నొక్కి పెట్టేశాను. ఆ ఒక్క నక్షత్రం మేస్త్రికి ఇచ్చింది కాదని నాకు తెలుసు.

నా అభిప్రాయం రాయడానికి గంట పట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం నాకు రాదు, పాత విద్యార్థి టైపు చేసిపెట్టాడు. "వానాకాలం అయ్యాక రాస్తున్నాను. గోడలు బాగున్నాయి. కింద ఒక్క నక్షత్రం ఇచ్చిన వారి ఇల్లు కూడా వెళ్ళి చూడండి, అదీ బాగుంది. ఈ మేస్త్రి ఆలస్యం చేస్తాడు, చెయ్యనివ్వండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే మాత్రం గోడల కోసం ఆగకండి. కుర్చీ తీసుకెళ్ళి పునాదిలో కూర్చోబెట్టి, అక్కడే టీ ఇవ్వండి."